మొక్కు కోళ్ల గూడు

పొద్దున్నే ఫోన్ మోగింది. బడంగ్‌పేట్ నుంచి మా చెల్లెలు. దాని మొగుడికి గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేసిన దగ్గర్నుంచి అది నవ్వగా నేను వినలేదు. అలాంటిది ఈ రోజు గొంతు నిండా సంబరం.

"అక్కా, మూడు కోళ్లు సచ్చిపోయినయే! నిన్న ఒకటి, గీ పొద్దున రెండు. మెడలు ఒంకర తిరిగి పడున్నయి."

"అయ్యో" అన్నాను.

"అయ్యో ఏందే! మీ మరిది పేరు మీద మొక్కిన కోళ్లు గవి. ఆయన గండం వాటి మీదికి పోయింది. ఇగ నాకు భయం లేదు."

"గుడ్లు పెడ్తున్నయా?" అని అడిగాను.

"ఏడ పెడ్తయే? నెల దినాల సంది ఒక్కటి లేదు. గుడ్ల కోసమా నేను సాదుతున్నది? ఇంకో మాట ఇను. ఆయన గోలీలు గూడ బంద్ చేసినం. కడుపుల మంట మంట అని ఒకటే పరేషాన్ అవుతుండె. గండం పోయినంక గోలీలెందుకని నేనే తీసి అల్మార్ల పెట్టిన."

"ఒసేయ్ పిచ్చిదానా! ఒక్క పూట గూడ ఆపొద్దన్నరు కదే డాక్టర్లు. ముందు మింగియ్యి!"

"నువ్వెప్పుడూ గంతే అక్కా. జర సంతోషపడనియ్యవు" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఇంట్లో కట్టుకున్న చీరతోనే చెప్పులేసుకుని మూసారాంబాగ్ మెట్రో మెట్లెక్కాను. దాని సంబరం నాకు తెలుసు. అంతకంటే దాని భయం తెలుసు. స్టెంట్ వేసిన రోజు దవాఖాన వరండాలో నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాయినను మింగినట్టు ఈయనను గూడ నేనే మింగుతనేమోనే" అని ఏడ్చింది. ఆ రోజైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. వీపు నిమిరి ఊరుకున్నాను, దొంగముండని.

మూసారాంబాగ్‌లో ఇప్పటికీ గాలి ఇటు తిరిగితే మూసీ కంపు వస్తుంది. అక్కడే ఒడ్డున ఒక రేకుల షెడ్డులో మా నాయిన నూలుకు రంగులద్దేవాడు. మాది పోచంపల్లి దగ్గర ఊరు. మగ్గం మీద బతుకు సాగక పట్నం వచ్చాం. నాయిన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. పచ్చిపులుసు కలుపుకుంటుంటే అన్నానికి ఆ రంగు అంటుతుందేమోనని నేను కళ్లప్పగించి చూసేదాన్ని. ఎప్పుడూ అంటలేదు. రంగు దగ్గర ఆయన కన్ను అబద్ధం ఒప్పుకునేది కాదు. రెండు ఎర్ర దారాలు పక్కపక్కన పెడితే మాకు రెండూ ఒకటే. ఆయన మాత్రం, "గిది పొద్దుగాల ముంచింది, గిది రంగు పలచబడ్డంక ముంచింది" అని చెప్పేవాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఇప్పుడక్కడ ఆకాశం కనబడకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఆ సందు ఎటు పోయిందో నాకే తెలియదు. అప్పుడు ఇంటి వెనక తుమ్మచెట్లు, ఖాళీ జాగాలు, ఊరకుక్కలు. సాయంత్రం అమ్మ సర్వపిండి పెడితే మాడిన నూనె వాసన సందు చివరిదాకా వచ్చేది. ఆ వాసనకి నేను ఆట మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చేదాన్ని. గిన్నెకి అంటుకున్న మాడు చెక్క కోసం పక్కింటి పిల్లలతో తన్నులాడేదాన్ని కూడా.

నాకు పదేళ్లప్పుడు నాయినకి టీబీ అన్నారు. దవాఖానలో డాక్టరు మా అమ్మకి రెండే మాటలు చెప్పాడు. ఏడాది పాటు సూదులు, గోలీలు ఒక్క రోజు కూడా తప్పొద్దు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు ఏ మందూ పనిచేయదు. ఇక రెండోది, రోజూ రెండు గుడ్లు తినిపించాలి. అమ్మకి మొదటి మాట కంటే రెండోదే గట్టిగా పట్టుకుంది. గోలీ దవాఖాన వాళ్ల చేతిలోది, గుడ్డు తన చేతిలోది కదా.

అమ్మ ఊరికి పోయి గంపలో అయిదు పెట్టల్ని తెచ్చింది. నాయిన దగ్గుకుంటూనే పాత మగ్గం చెక్కలు కోసి గూడు కట్టాడు. దాన్ని నాలుగు ఇటుకల మీద నిలబెట్టాడు. అయిదు కోళ్లు లోపలికి పోయినా అటూ ఇటూ తిరగడానికి చోటుండేది. మూలకి వరిగడ్డి పరిచిన బుట్ట. పగలంతా కోళ్లు తుమ్మచెట్ల కింద మట్టి గీరుకునేవి. రోజూ రెండు గుడ్లు, ఒక్కోసారి మూడు. వాటిని ఏరడం నా పని. అప్పుడే పెట్టిన గుడ్డు వెచ్చగా ఉండేది. దాన్ని కళ్లకి అద్దుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో పెంకులోంచి సూర్యుణ్ని చూసేదాన్ని. "ఒసేయ్, పగలగొడ్తవే!" అని అమ్మ అరిచేది. నాయిన ఉడికిన గుడ్డు ఒలుచుకుని, అమ్మ అటు తిరగ్గానే సగం నా నోట్లో పెట్టేవాడు. నేను మింగేసేదాన్ని. సిగ్గులేనిదాన్ని, మింగేసేదాన్ని.

తర్వాత చుట్టాలు రావడం మొదలైంది.

మా వాళ్లలో రోగిని చూడటానికి ఉత్త చేతులతో రారు. నాయిన జబ్బు మాట ఊళ్లో పాకేసరికి, ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగిన ప్రతి చుట్టం చంకలో ఒక కోడి ఉండేది. ఉత్త కోడి కాదు, మొక్కు కోడి. పుంజు దొరకనివాళ్లు పెట్టనే మొక్కేవారు. దాని కాలికి పసుపు పూసిన దారం కట్టి, నాయిన తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఎల్లమ్మ తల్లీ, వీడు లేచి తిరిగితే గీ కోడి నీదే" అని గూట్లోకి వదిలేవారు. అలా మొక్కిన కోడిని కోయరు, అమ్మరు, ఒకరికి ఇవ్వరు. రోగి లేచి తిరిగే దాకా అది ఆ ఇంట్లోనే ఉండాలి. తప్పిపోతే రోగికి కీడు. ఆ ఇంట్లోనే చస్తే మాత్రం రోగి గండం అది మోసుకుపోయినట్టు.

ఒక మధ్యాహ్నం ఊరకుక్క ఒక మొక్కు కోడిని ఎత్తుకుపోయింది. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు గూటి తలుపుకి తీగ బిగించేసింది. ఇక పగలూ రాత్రీ కోళ్లు లోపలే. చుట్టాలు మాత్రం ఆగలేదు. అయిదు కోళ్ల గూట్లో పద్నాలుగయ్యాయి. వాటికి దిష్టి తగులుతుందని అమ్మ చుట్టూ గోనెపట్టా కూడా కప్పింది. లోపల చీకటి, రెట్టల ఘాటు. చెయ్యి పెడితే కళ్లు మండేవి. ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడేవి. ఒకదాని తోక ఇంకొకటి పొడిచి రక్తం వచ్చేది. పెట్టిన ఒక్క గుడ్డునీ అవే పొడుచుకుని తాగేసేవి. తడిసిన గడ్డీ పెంకు ముక్కలూ తప్ప నా చేతికి ఏమీ తగిలేది కాదు. వారం తిరిగేసరికి అదీ లేదు. గుడ్లు పూర్తిగా ఆగిపోయాయి.

నాయినకి గుడ్డు లేదు. అమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని గూటి ముందు కూర్చునేది. అప్పటికి చెల్లెలు అమ్మ కడుపులో ఉంది. "ఇంత మంది తెచ్చిండ్రు. ఇన్ని కోళ్లున్నయి. ఒక్క గుడ్డు లేదేంది తల్లీ" అని కళ్లు తుడుచుకునేది. ఆ ముఖం నేను చూడలేకపోయేదాన్ని.

మా ప్రహరీ అవతల గుంటూరు నుంచి వచ్చిన ఒక ఆవిడ ఉండేది. పిన్నిగారూ అని పిలవమనేది. ఆవిడకి ఆరు తెల్ల ఫారం కోళ్లుండేవి. వాటికి మా వంటగదంత దొడ్డి, చుట్టూ జాలీ. రోజూ నాలుగైదు గుడ్లు. ఆవిడ గోడ మీంచి మా గూడు చూసి నోరు నొక్కుకుంది.

"అదేంటమ్మా, అన్ని కోళ్లని అందులో కుక్కారు? ఒక్కో కోడికి మీ పిల్ల కాళ్లు చాపుకుని కూర్చునేంత చోటన్నా ఉండాలిగా. అలా అయితే గుడ్డెక్కడ పెడతాయి? సగం తీసేయండి. టీకాలు కూడా వేయించండి, తెగులొస్తే ఒక్కటీ మిగలదు."

"మొక్కినవమ్మా. ఎట్ల తీస్తం?" అంది అమ్మ.

"పోనీ కొన్ని మా దొడ్లో ఉంచండి."

"వేరే ఇంట్ల ఉంటే మొక్కు ఆ ఇంటికి పోతది" అని అమ్మ లోపలికి వచ్చేసింది.

ఆ రోజు సాయంత్రం నేను గోడ దూకాను. "పిన్నిగారూ, మీ దొడ్డి రోజూ ఊడుస్తా. రెండు గుడ్లు ఇస్తరా?" అన్నాను. "మీ నాన్నకేనా?" అంది ఆవిడ. తలూపాను. మర్నాటి నుంచి ఇచ్చింది.

అవి తెల్ల గుడ్లు. మావి గోధుమరంగువి. తెల్లవి చూస్తే అమ్మ వెంటనే పట్టేస్తుంది. ఆ వయసులో నాకున్న తెలివికి చెప్పు తీసుకుని కొట్టాలి. టీ డికాషన్‌లో నానబెట్టి, గోనెపట్టాకి తుడిచి, మా గూట్లోంచి తీసినట్టు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ ఆ రెండు గుడ్లనీ కళ్లకద్దుకుని ఎల్లమ్మకి దండం పెట్టింది. ఉడికించిన నీళ్లు ఎర్రగా మారితే, "పెంకు మీద మురికమ్మా" అన్నాను. నమ్మింది.

నమ్మడమే కాదు, ఊరందరికీ చెప్పుకుంది. "మొక్కు కోళ్లు రోజూ లెక్కగా రెండు గుడ్లు పెడ్తున్నయి. మూడుండయి, ఒకటుండది. తల్లి మహిమ గాకపోతే ఏంది?" అని వచ్చినవాళ్లందరితో అనేది. ఆ మాట విని ఇంకో ఇద్దరు చుట్టాలు ఇంకో రెండు కోళ్లు తెచ్చారు. గూట్లో పదహారు. నేను ఒక్క మాట అంటే ఆ కోళ్లు బయటికి వచ్చేవి. అంటే దెబ్బలు పడతాయి, అమ్మ నవ్వు పోతుంది. అందుకని అనలేదు.

ఎండలు ముదిరేసరికి కొక్కెర తెగులు వచ్చింది. మెడలు మెలితిరిగి, ఆకుపచ్చ రెట్టలు వేసి, నాలుగు రోజుల్లో పదహారు కోళ్లూ పోయాయి. గోడ అవతల పిన్నిగారి తెల్ల కోళ్లకి ఏమీ కాలేదు. "టీకాలు వేయించమని చెప్పానుగా" అని ఆవిడ తల పట్టుకుంది. అది తెగులని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తలస్నానం చేసి, దీపం ముట్టించి, తడి జుట్టుతోనే నాయిన మంచం దగ్గర కూర్చుంది.

"నీ గండం కోళ్లు మోసుకపోయినయి. పదహారు ప్రాణాలు పోయినయి నీకోసం. ఇగ నీకేం గాదు."

నాయినకి అప్పటికి ఆరు నెలల మందులు పడ్డాయి. దగ్గు తగ్గింది, ఒళ్లు కొంచెం తేరుకుంది. గోలీలు మింగితే వాంతులయ్యేవి, సూదులకి కూర్చోలేకపోయేవాడు. "నిజమేనేమో. చాలు ఇగ" అన్నాడు. దవాఖానకి పోవడం ఆగిపోయింది.

రెండు రోజులకి మించి నేను ఆగలేకపోయాను. డాక్టరు చెప్పిన మాట నాకు గుర్తుంది కదా. అమ్మ నీళ్లకి పోయిన సమయం చూసి నాయిన పక్కన కూర్చున్నాను. నోరు తెరిచేలోపే ఆయన నా తల మీద చెయ్యి వేసి నవ్వాడు.

"రంగు మంచిగనే పట్టింది బిడ్డా. జర ఉప్పేస్తే ఇంక నిలుస్తుండె."

మొదటి గుడ్డు నుంచే ఆయనకి తెలుసు! రంగుల మనిషి దగ్గర టీ నీళ్ల రంగు దాచాలనుకున్నాను నేను.

"నాయినా, మరి గవి మొక్కు గుడ్లు గాదు. కోళ్లకొచ్చింది తెగులు. గండం పోలే. నువ్వు గోలీలు మింగు. అమ్మకు నేను చెప్తా, కొడ్తే కొట్టనియ్యి" అని ఏడ్చాను.

"ఒద్దు బిడ్డా. కడుపుతోని ఉంది. ఎన్ని నెలలకు నవ్విందో చూసినవా? ఆ నవ్వు గట్లనే ఉండనియ్యి. నాకేం గాదు. ఎవలకు చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టాను. నాయినా, నీ మంచితనం మండ! పదేళ్ల పిల్ల చేత పెట్టించే ఒట్టా అది? నీ ప్రాణం మీద నువ్వే ఒట్టు పెట్టించుకుని వెళ్లిపోయావు. నీ మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మూడు నెలలు షెడ్డుకి పోయి పని చేశాడు. ఒక రోజు రంగుల తొట్టి దగ్గరే నోట్లోంచి రక్తం పడింది. మళ్లీ దవాఖానకి తీసుకుపోతే, ఎందుకు ఆపారని డాక్టరు అరిచాడు. ఏ మందూ పట్టలేదు. పదిహేను రోజుల్లో పోయాడు. ఇంకో నెలకి చెల్లెలు పుట్టింది.

చుట్టాలు మళ్లీ వచ్చారు, ఈసారి కోళ్లు లేకుండా. "కోళ్లు ఒక గండం మోసినయి. రెండో గండం కడుపుల పిల్ల తెచ్చింది. పుట్టకముందే తండ్రిని మింగింది" అన్నారు. అమ్మ ఆ మాట కాదనలేదు. కాదంటే మొక్కు అబద్ధమవుతుంది, గోలీలు ఆపిన పాపం తన మీద పడుతుంది. చెల్లెలు ఆ మాట వింటూనే పెరిగింది. దాన్ని బడిలో అన్నారు, పెళ్లిలో అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఒట్టు అనుకునేదాన్ని. ఒట్టు కాదు, భయం. అమ్మ పోయాక కూడా చెప్పలేదంటే ఇంకేమనాలి దాన్ని?

ఎల్‌బీ నగర్‌లో దిగి ఆటో ఎక్కి బడంగ్‌పేట్ చేరేసరికి ఎండెక్కింది. గేటు తీస్తూనే రెట్టల ఘాటు ముక్కుకి తగిలింది. ఇంటి వెనక వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప గూడు. లోపల పదకొండు కోళ్లు, ఒకదాని మీద ఒకటి. ప్రతిదాని కాలికీ పసుపు దారం. మరిది అరుగు మీద కుర్చీలో కూర్చుని, "రా వదినా" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

నేను చెప్పులు విడిచి, గూటి ముందు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నా కాళ్ల పొడవుకే గూడు అయిపోయింది.

"ఏం చేస్తున్నవే అక్కా?" అని చెల్లెలు నవ్వింది.

"కొలుస్తున్న. ఒక్క కోడికి గింత చోటు కావాలె. నువ్వు పద్నాలుగింటిని పెట్టినవ్. గండం గాదే గిది, తెగులు. ముందు ఆయనకు గోలీ ఇయ్యి. మంటకు వేరే మందు అడుగుదాం. గిది మాత్రం ఆపొద్దు."

"గట్లెట్లంటవ్? మన నాయిన గండం కోళ్లు మోయలేదా? రోజూ రెండు గుడ్లు పెట్టలేదా?"

"పెట్టలే" అన్నాను.

అంతా చెప్పాను. పిన్నిగారి గుడ్లు, టీ నీళ్లు, తెగులు, ఆపేసిన గోలీలు, నాయిన పెట్టించిన ఒట్టు. నేల చూస్తూనే చెప్పాను. అయ్యాక తలెత్తితే చెల్లెలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అంటే నాయిన నా వల్ల పోలేదా?"

"లేదు."

"నన్ను అందరూ తండ్రిని మింగిందనంగ, నీకు గిదంత తెలుసా?"

"తెలుసు."

అది లోపలికి పోయింది. అల్మారా తలుపు చప్పుడైంది. గోలీలూ నీళ్ల గ్లాసూ తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, ఆయన మింగేదాకా నిలబడింది. తర్వాత వచ్చి గూటి తలుపు తీసింది. కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడి, రెక్కలు విప్పుకుంటూ నా కాళ్ల మీంచి దాటిపోయాయి.

"ఆయన కోసం ఉరికొచ్చి చెప్పినవ్ అక్కా" అంది, కోళ్ల వైపే చూస్తూ. "నా కోసం ఒక్కసారన్న చెప్పకపోతివి."

కాళ్లు చాపుకుని అక్కడే కూర్చుండిపోయాను.